అద్దె ముందు మీ ఖాతాలోకి మళ్ళించండి, ఏజెంటుతో గొడవ ఆ తర్వాత

ప్రశ్న: మాది తెనాలి. చాలా ఏళ్ళుగా న్యూజెర్సీలో ఉంటున్నాం. హైదరాబాద్ కొండాపూర్‌లో నా పేరు మీద ఒక డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ ఉంది. మా పిన్ని అల్లుడికి బాగా తెలిసినవాడని ఒక ఏజెంటుకి అప్పగించాం. టెనెంట్‌ని చూడటం, అద్దె వసూలు, రిపేర్లు అన్నీ అతనే చూస్తాడు. నెలకు వెయ్యి అతని ఫీజు. మొదటి ఏడాది బాగానే ఉంది. తర్వాత అద్దె ఒక నెల పదో తారీఖున వస్తే ఇంకో నెల ఇరవై ఐదున వచ్చేది. నిరుడు నాలుగు నెలలు ఫ్లాట్ ఖాళీగా ఉందన్నాడు. ఇప్పుడు అద్దె 26,000 అని చెప్పి, తన వెయ్యి పట్టుకుని మిగతాది పంపుతాడు. అందులోనూ ప్లంబరు, పెయింటింగ్ అని కోతలు. బిల్లు అడిగితే "పంపిస్తా అక్కా" అంటాడు, రాదు. మొన్న అద్దెకున్నాయన అసోసియేషన్ వాళ్ళ దగ్గర నా నంబర్ తీసుకుని, రెండు నెలలుగా గీజర్ పనిచేయట్లేదని ఫోన్ చేశారు. మాటల్లో తెలిసింది, ఆయన నెలకు 31,000 కడుతున్నారట. అడ్వాన్స్ 62,000 ఏజెంటుకే ఇచ్చారట. నాకు చెప్పింది ఒక నెల అడ్వాన్సే, అదీ "నా దగ్గరే ఉండనీ అక్కా, వెళ్ళేటప్పుడు ఇవ్వాలిగా" అన్నాడు. అగ్రిమెంట్లు, ఒక సెట్ తాళాలు అతని దగ్గరే ఉన్నాయి. నాలుగేళ్ళ కిందట అతనికి జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, మన తరఫున పనులు చేసే అధికార పత్రం) కూడా రాసిచ్చాం. నాన్నగారికి 74 ఏళ్ళు, హైదరాబాద్ తిరగలేరు. గట్టిగా అడిగితే టెనెంట్‌ని ఎగదోస్తాడేమో, పిన్ని వాళ్ళతో మాట వస్తుందేమో అని టెన్షన్. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టుంది మా పని. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: అతనికి ఫోన్ చేసి దులిపేయాలని మీకు ఉంటుంది. ఆ ఫోన్ కొన్నాళ్ళు ఆపండి. ఈ రోజుకి అద్దె, అడ్వాన్స్, అగ్రిమెంట్లు, తాళాలు అన్నీ అతని చేతిలోనే ఉన్నాయి. టెనెంట్‌తో రోజూ మాట్లాడేదీ అతనే. మీరు ఇప్పుడు కోప్పడితే సాయంత్రానికల్లా మూడు పనులు జరుగుతాయి. పాత తేదీలతో బిల్లులు పుడతాయి. "ఓనరమ్మ మిమ్మల్ని ఖాళీ చేయించమంటోంది" అన్న కబురు టెనెంట్‌కి చేరుతుంది. పిన్నిగారింటికి ఫోన్ వెళుతుంది. ఒక్కొక్కటే అతని చేతిలోంచి తీసుకోండి, చివర్లో లెక్క అడగండి.

ముందు గీజర్ బాగు చేయించండి. లెక్కల కన్నా, లాయర్ కన్నా ముందు ఈ పనే. టెనెంట్‌కి ఫోన్ చేసి, "మీకు తెలిసిన మెకానిక్‌ని పిలిపించండి, బిల్లు నాకు వాట్సాప్‌లో పెట్టండి, డబ్బు నేను నేరుగా మీకే పంపిస్తాను" అనండి. పంపించేయండి. రెండు నెలలుగా చన్నీళ్ళు పోసుకుంటున్న మనిషికి ఓనర్ అంటే ఎవరో ఆ రోజు తెలుస్తుంది. అద్దె ఎగ్గొట్టకుండా, గొడవ పడకుండా, మీ నంబర్ వెతుక్కుని మరీ ఫోన్ చేసిన టెనెంట్ దొరకడం మీ అదృష్టం. ఈ వ్యవహారంలో మీకు పనికొచ్చే సాక్షి ఆయనే. ఎగదోస్తాడేమో అని మీ భయం. మీరు ఆయనతో మాట్లాడకుండా ఉన్నంతకాలమే ఏజెంటుకి ఆ వీలు ఉంటుంది.

గీజర్ పని అయ్యాక మెల్లగా మూడు అడగండి: అగ్రిమెంట్ కాపీ, ఇప్పటిదాకా అద్దె పంపిన ఫోన్‌పే లేదా బ్యాంకు వివరాలు, అడ్వాన్స్ ఎవరి ఖాతాకి ఎప్పుడు పంపారో ఆ వివరం. అగ్రిమెంట్‌లో మొదటి పేజీ చూడండి. ఓనర్‌గా మీ పేరు ఉండి, మీ తరఫున అతను సంతకం పెట్టి ఉంటే ఒక రకం. ఓనర్ చోట తన పేరే రాసుకుని ఉంటే ఇంకో రకం. రెండోదైతే ఈ జవాబు ఇక్కడే ఆపి, ముందు లాయర్‌కి ఆ కాగితం చూపించండి.

ఆ నాలుగు నెలలు ఫ్లాట్ నిజంగా ఖాళీగా ఉందా అన్నది మీరు కుర్చీలోంచి లేవకుండానే తేల్చుకోవచ్చు. పాత కరెంటు బిల్లు మీద యూనిక్ సర్వీస్ నంబర్ ఉంటుంది. దానితో టీజీఎస్‌పీడీసీఎల్ వెబ్‌సైట్‌లో పాత నెలల బిల్లులు చూడండి. ఖాళీ ఫ్లాట్‌లో ఫ్రిజ్ తిరగదు, ఏసీ వెయ్యరు, కనీస బిల్లు దగ్గరే ఆగుతుంది. పెయింటింగ్ వాళ్ళు నాలుగు రోజులు లైట్లు వేసుకున్నా పెద్దగా తేడా రాదు. నెలకు రెండు వందల యూనిట్లు కాలినట్టుంటే ఆ ఇంట్లో ఎవరో వండుకు తిన్నారని అర్థం. అసోసియేషన్ ఆఫీసులో కూడా అడగండి. ఎవరు ఏ తేదీన సామాను దించారో, ఎప్పుడు ఖాళీ చేశారో చాలా అపార్ట్‌మెంట్లలో రాసుకుంటారు. ఆ నెలల మెయింటెనెన్స్ ఎవరి ఖాతా నుంచి వచ్చిందో క్యాషియర్‌కి తెలుస్తుంది. వాచ్‌మన్‌ని మాత్రం అడగకండి. అతనికి ఏజెంటు పండగ మామూళ్ళు ఇస్తుంటాడు, మీరు అడిగిన సంగతి గంటలో చేరిపోతుంది.

ఇంకో చోటు చాలామందికి తట్టదు. ఉద్యోగస్తుడైన టెనెంట్ పాత పన్ను విధానంలో ఉంటే హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపు కోసం ఆఫీసులో అద్దె చూపిస్తాడు. ఏడాది అద్దె లక్ష దాటితే ఓనర్ పాన్ నంబర్ ఇవ్వాలి. ఏజెంటు మీ పాన్ ఇచ్చి ఉంటే ఆ మొత్తం ఇన్‌కంటాక్స్ పోర్టల్‌లో మీ ఏఐఎస్‌లో, అంటే మీ పేరున నమోదైన ఏడాది ఆదాయ వివరాల పట్టికలో, కనిపించవచ్చు. ఒకసారి లాగిన్ అయి చూడండి. మీ చేతికి రాని డబ్బు మీ ఆదాయంగా అక్కడ నమోదై ఉంటే ఈ వ్యవహారం అద్దె తేడాతో ఆగదు, పన్ను లెక్క కూడా మీ మెడకే చుట్టుకుంటుంది.

ఈ కాగితాలన్నీ చేతికొచ్చాక టెనెంట్‌కి రాతపూర్వకంగా తెలియజేయండి. ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు. భారత కాంట్రాక్ట్ చట్టం, 1872లో ఏజెంట్ల గురించి ఒక అధ్యాయమే ఉంది. అందులో 208వ సెక్షన్ ప్రకారం మీరు ఏజెంటుని తీసేసిన సంగతి ఏజెంటుకి తెలిసినప్పుడు అతని వరకు అమల్లోకి వస్తుంది, బయటివాళ్ళకి తెలిసినప్పుడే వాళ్ళ వరకు అమల్లోకి వస్తుంది. అంటే టెనెంట్‌కి తెలియకముందు అతను ఏజెంటుకి కట్టిన అద్దె మీకు కట్టినట్టే, మళ్ళీ కట్టమని అడగలేరు. అందుకే ముందు టెనెంట్‌కి చెప్పాలి, అదీ అద్దె కట్టే తారీఖు లోపే. వాట్సాప్‌లో, ఈమెయిల్‌లో రెండింటిలోనూ ఇలా రాస్తే చాలు (ఎన్‌ఆర్‌ఓ అంటే ఎన్నారైలు ఇండియాలో వచ్చే ఆదాయం జమ చేసుకునే బ్యాంకు ఖాతా):

"ఈ ఫ్లాట్ యజమానిని నేను. వచ్చే నెల నుంచి అద్దె కింద రాసిన నా ఎన్‌ఆర్‌ఓ ఖాతాకే పంపండి. ఇకపై ఇంకెవరికి చెల్లించినా అది నాకు అందినట్టు కాదు. ఇంతవరకు మీరు నా ఏజెంటుకి కట్టిన అద్దె, అడ్వాన్స్ నేను ఒప్పుకుంటున్నాను. మీ అగ్రిమెంట్ షరతుల్లో మార్పు లేదు. ఇది అందినట్టు జవాబివ్వగలరు."

ఊరూ పేరూ తెలియని ఖాతాకి డబ్బు పంపమంటే ఎవరైనా జంకుతారు, జంకాలి కూడా. ఈ రోజుల్లో ఇలాంటి మోసాలు బోలెడు. సేల్ డీడ్ మొదటి పేజీ, మీ పేరున ఉన్న ఆస్తి పన్ను రసీదు పంపి, ఒకసారి వీడియో కాల్‌లో మాట్లాడండి. పక్కన అసోసియేషన్ సెక్రటరీ ఉంటే ఇంకా మంచిది.

అడ్వాన్స్ సంగతి చేదుగా ఉన్నా చెప్పాలి. ఆ 62,000 మీ ఏజెంటు మీ తరఫున తీసుకున్నది. అతను తిన్నా, దాచినా టెనెంట్ ఖాళీ చేసే రోజున తిరిగివ్వాల్సింది మీరే. "నా దాకా రాలేదు" అనడం కుదరదు. ఏజెంటు దగ్గర రాబట్టుకోవడం మీ గొడవ, టెనెంట్‌ది కాదు. ఉత్తరంలో "అడ్వాన్స్ ఒప్పుకుంటున్నాను" అని రాయమన్నది అందుకే. ఆ ఒక్క వాక్యంతో ఆయన మీ వైపు వచ్చేస్తాడు.

నేరుగా అద్దె మీకు కట్టడం మొదలవగానే టీడీఎస్ ప్రశ్న వస్తుంది. ఓనర్ ఎన్నారై అయితే అద్దె ఎంత చిన్నదైనా టెనెంట్ పన్ను కోసి కట్టాలి. 30 శాతం, దాని మీద 4 శాతం సెస్, కలిపి 31.2 శాతం. మామూలు టెనెంట్లకి ఈ సంగతి తెలియదు, తెలిస్తే బెదిరిపోతారు. ఏజెంటు ఖాతా మధ్యలో ఉన్నన్నాళ్ళూ ఇది ఎవరికీ కనబడలేదు. మీ అద్దె ఏడాదికి 3,72,000. అందులో 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ పోతే 2,60,400 మిగులుతుంది. ఇండియాలో వేరే ఆదాయం లేకపోతే కొత్త పన్ను విధానంలో 4 లక్షల పరిమితికి లోపే. కాబట్టి తక్కువ కోతకి సర్టిఫికెట్ కోసం డిపార్ట్‌మెంట్‌కి దరఖాస్తు చేసుకోవచ్చు. లేదంటే కోసినది రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. హైదరాబాద్‌లో ఒక సీఏని పెట్టుకుని, టెనెంట్ వైపు కాగితాల పని కూడా ఆయనతోనే చేయించండి, ఖర్చు మీరే భరించండి. న్యూజెర్సీలో మీరు వేసే రిటర్న్‌లోనూ ఈ అద్దె చూపాలన్నది మరవకండి.

ఇక జీపీఏ. మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు గానీ, నన్నడిగితే అద్దె తేడా కన్నా పెద్ద ప్రమాదం ఇదే. కాపీ తీసి చదవండి. అద్దెకిచ్చి వసూలు చేసే అధికారం వరకే ఉందా, లేక డాక్యుమెంట్ రైటర్ అలవాటుగా కొట్టిన "అమ్ముటకు, తనఖా పెట్టుటకు, అడ్వాన్సు పుచ్చుకొనుటకు" అన్న మాటలు కూడా ఉన్నాయా? విదేశాల్లో ఉన్నవాళ్ళు ఈమెయిల్‌లో వచ్చిన డ్రాఫ్ట్ చదవకుండా ప్రింట్ తీసి సంతకం పెట్టేస్తుంటారు. అమ్మే అధికారం ఉంటే ఈ రాత్రే తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో మీ ఫ్లాట్ ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీల పత్రం) చూడండి, మీకు తెలియని లావాదేవీ ఏమైనా పడిందేమో. ఏ రకం జీపీఏ అయినా రద్దు చేయాల్సిందే. రద్దు పత్రం రాసి న్యూయార్క్‌లోని భారత కాన్సులేట్ ద్వారా అటెస్ట్ చేయించి పంపండి. న్యూజెర్సీ వాళ్ళ పనులు ఆ కాన్సులేట్ పరిధిలోకే వస్తాయి. విదేశంలో రాసిన పత్రానికి ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. పాత జీపీఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ అయి ఉంటే రద్దు కూడా అక్కడే రిజిస్టర్ చేయించండి. రద్దు చేసిన సంగతి ఏజెంటుకి స్పీడ్ పోస్టులో, టెనెంట్‌కి, అసోసియేషన్‌కి రాతలో చేరాలి. పైన చెప్పిన 208వ సెక్షన్ ఇక్కడా వర్తిస్తుంది. మీరు బీరువాలో పెట్టుకున్న రద్దు పత్రం బయటివాణ్ణి ఆపదు.

ఇప్పుడు ఏజెంటు వంతు. మొదటి ఉత్తరంలో దొంగ, మోసం లాంటి మాటలు వద్దు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా వసూలైన అద్దె, తీసుకున్న అడ్వాన్స్, చేసిన ఖర్చులు బిల్లులతో సహా పదిహేను రోజుల్లో పంపమని మాత్రమే అడగండి. మీకు తెలిసిన అంకెలు అందులో రాయకండి. 31,000 సంగతి మీకు తెలుసని అతనికి తెలియకూడదు. లెక్క తనంతట తాను 26,000 అని రాసి పంపితే, ఆ కాగితాన్ని టెనెంట్ బ్యాంకు వివరాల పక్కన పెడితే చాలు, ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. అడిగినప్పుడు సరైన లెక్క చూపడం ఏజెంటు బాధ్యత అని కాంట్రాక్ట్ చట్టంలో 213వ సెక్షన్, మీ కోసం వసూలు చేసిన సొమ్ము మీకు చేర్చాలని 218వ సెక్షన్ చెబుతున్నాయి. ఉత్తరంలో ఈ రెండు నంబర్లు ఉంటే వెనక లాయర్ ఉన్నాడని అతనికి అర్థమవుతుంది.

అతని వైపు మాట కూడా వినాలి. తన ఫీజు, నిజంగా పెట్టిన ఖర్చు వసూలైన దాంట్లోంచి పట్టుకునే హక్కు ఏజెంటుకి ఉంది. మోటార్ బాగు చేయించి ఉంటే ఆ డబ్బు అతనికి రావాల్సిందే. "ఆ ఐదు వేలు నా సర్వీస్ ఛార్జి" అంటాడు బహుశా. వెయ్యి అని అనుకున్నప్పటి మెసేజ్ మీ ఫోన్లో ఉందేమో వెతకండి. మీకు చెప్పకుండా మధ్యలో మిగుల్చుకున్నది ఫీజు కింద రాదు. అద్దె ఆలస్యాల మాటకొస్తే, ఇలాంటి ఏజెంట్లు చాలామంది ఒక ఓనర్ అద్దెని ఇంకో ఓనర్ అడ్వాన్స్‌కి సర్దుతూ తిప్పుతుంటారు. తేదీ పదో తారీఖు నుంచి ఇరవై ఐదుకి జరిగినప్పుడే అనుమానించాల్సింది. టెనెంట్ మారిన ప్రతిసారీ ఇటు నుంచీ అటు నుంచీ కమీషన్ వస్తుంది కాబట్టి, పదకొండు నెలలకోసారి ఇల్లు ఖాళీ అయితే అలాంటివాడికి నష్టమేమీ లేదు.

లెక్క పంపకపోతే లాయర్ నోటీసు. చాలా వ్యవహారాలు ఆ నోటీసు దగ్గరే ఎంతోకొంత తెగుతాయి. తెగకపోతే, మీరు ఫీజు ఇచ్చి సేవ తీసుకున్నారు కాబట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, సేవకి చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. రెండేళ్ళ గడువు మాత్రం చూసుకోండి. రెరాకి (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థకి) వెళ్ళమని ఎవరైనా చెబితే వినకండి, అక్కడ నమోదయ్యేది అమ్మకాల ఏజెంట్లు, అద్దె తగాదాలు వాళ్ళ పని కాదు. పోలీసు కేసు? ఏజెంటు నమ్మకద్రోహం చేస్తే భారతీయ న్యాయ సంహిత 316(5) కింద పెద్ద నేరమే, పదేళ్ళ దాకా, యావజ్జీవం దాకా శిక్ష ఉంది. కానీ స్టేషన్‌కి వెళ్తే "ఇది సివిల్ మ్యాటర్ అమ్మా" అనే అవకాశమే ఎక్కువ. పైగా నాన్నగారు తిరగాలి. అగ్రిమెంట్‌లో మీ సంతకం ఫోర్జరీ అయినా, జీపీఏతో ఫ్లాట్ మీద చెయ్యి వేసినా ఒక్క రోజు కూడా ఆగకుండా పోలీసుల దగ్గరికి వెళ్ళండి. నెలకు ఐదు వేల తేడా వరకే అయితే నోటీసు, కమిషన్ చాలు. పూర్తిగా రాదనుకునే మొదలుపెట్టండి. అడ్వాన్స్ 62,000 వెనక్కి వచ్చి, కాగితాలు చేతికొస్తే మిగతాది ఎక్కడ వదిలేయాలో మీకే తెలుస్తుంది.

పిన్నిగారి విషయం. ఏజెంటుకి ఉత్తరం అందే రోజు ఉదయమే పిన్నిగారికి మీరే ఫోన్ చేయండి. అతని మాట ముందు చేరితే మీరు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. "ఫ్లాట్ లెక్కలు ఇక్కడ టాక్సు వాళ్ళకి చూపించాలి పిన్నీ, అందుకని అద్దె నా ఖాతాకే మార్చుకుంటున్నాను, అతన్ని కాగితాలు అడిగాను" అనండి. ఇది అబద్ధం కూడా కాదు. అల్లుడిగారిని మధ్యవర్తిత్వానికి పిలవకండి. వాళ్ళు పరిచయం చేశారంతే, పూచీ పడలేదు. వాళ్ళని లాగితే డబ్బు రాదు, చుట్టరికం చెడుతుంది. "అక్కా" అని పిలిచేవాణ్ణి లెక్క అడగడానికి మనకి నోరు రాదు. ఆ మొహమాటమే ఇన్నేళ్ళూ అతన్ని కాపాడింది.

మళ్ళీ ఏజెంటు కావాలా అంటే, టెనెంట్‌ని వెతికి పెట్టడానికి కావాలి. ఆ పని అయ్యాక కమీషన్ ఇచ్చి దణ్ణం పెట్టేయండి. అద్దె, అడ్వాన్స్ నేరుగా మీ ఖాతాకి, అగ్రిమెంట్ మీ సంతకంతో. చిన్నచిన్న పనులకి అదే అపార్ట్‌మెంట్‌లో ఉండే రిటైర్డ్ మనిషి ఎవరైనా ఉంటారు. సెక్రటరీని అడిగితే చెబుతారు. ఆయనకి నెలకింత అని ఇచ్చి, రెండు వేలు దాటే రిపేరుకి ముందు మీకు ఫోటో, ధర పంపాలని రాసుకోండి. టెనెంట్ దిగేటప్పుడూ ఖాళీ చేసేటప్పుడూ ఫ్లాట్ మొత్తం వీడియో తీయించండి: కరెంటు మీటర్ రీడింగ్, వంటింటి చిమ్నీ, బాత్‌రూం కుళాయిలు, తలుపుల వెనక గోడలు. నాన్నగారికి ఏదైనా అధికారం ఇవ్వాల్సి వస్తే, ఏ పనికో ఆ పని పేరు రాసిన స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ చాలు.

తాళాలు అడిగి తెచ్చుకోవడానికి నాన్నగారిని పంపకండి. టెనెంట్‌ని అడిగి, ఆయన ఖర్చు లేకుండా తలుపుకి కొత్త తాళం వేయించండి. ఏజెంటు దగ్గరున్న సెట్ అతని దగ్గరే ఉండనివ్వండి.